పై అంతస్తులో లేని మగవాళ్లు

అమ్మకు,

ఇక్కడ నేను బాగున్నాను. అక్కడ నువ్వూ పిన్నీ బాగున్నారని తలుస్తాను అని రాయాల్సిన చోటికి వచ్చేసరికి కలం ఆగింది. బాగున్నారో లేదో నీ ఉత్తరం రెండుసార్లు చదివినా నాకు తెలియలేదు. సగం కోపం, సగం వణుకు, అన్నీ అయ్యాక చివర్లో కొత్త కళ్లజోడు సరిపోయిందా అని ఒక ప్రశ్న. ముందు దానికే జవాబు చెబుతాను, తేలిక కాబట్టి. సరిపోయింది. ఎడమ వైపు కొంచెం జారుతోంది. నువ్వుంటే ఫ్రేమును రెండు వేళ్ల మధ్య ఒకసారి తిప్పి, ఒకసారి నొక్కి చేతికిచ్చేదానివి. నేను చాకు మొనతో స్క్రూ బిగించుకున్నాను. తిట్టకు.

ఇక నీ రెండో మాట. "మేం ఎక్కడున్నామో తెలిసింది ముగ్గురికే. నేను చెప్పలేదు, మీ పిన్ని చెప్పలేదు. నీ నోట్లో నువ్వుగింజ నానదని నాకు కొత్తగా తెలియాలా?" అని రాశావు. ఆ తీరు చూస్తే విచారణ అయిపోయింది, తీర్పు వచ్చేసింది, నాకు చదివి వినిపించడమే మిగిలింది. నిజమే, చిన్నప్పుడు నేను వాగుడుకాయనే. ఇంట్లో చక్కెర నిండుకుంటే వీధి చివర దాకా చెప్పొచ్చేదాన్ని. కానీ అమ్మా, ఎక్కువ మాట్లాడేవాళ్లకు దాచడం రాదని ఎవరు చెప్పారు నీకు? నువ్వు నోరు విప్పవు కాబట్టి ఈవిడ దగ్గర ఏదో ఉందని అందరూ నిన్నే తవ్వుతారు. నేను గలగలా వాగుతాను కాబట్టి ఇంక లోపల ఏమీ మిగల్లేదనుకుని వదిలేస్తారు. బాబాయి ఫోన్ చేసినప్పుడల్లా నేను చేసింది అదే. "మీ పిన్ని ఎలా ఉందమ్మా" అని ఆయన తేనె పూసి అడిగితే, మా హాస్టల్లో నీళ్ల ట్యాంకు ఎలా కారుతోందో, దానికి ప్లంబరు ఏమన్నాడో, వార్డెను ఏమందో ఊపిరి తిప్పుకోకుండా చెప్పేదాన్ని. విసుగొచ్చి ఆయనే పెట్టేసేవాడు.

అయినా నీ ఉత్తరం చదివాక నన్ను నేనే అనుమానించాను. అది నీ గొప్పతనం. నువ్వు గట్టిగా అంటే, చేయని పని కూడా చేశానేమో అనిపిస్తుంది. ఎవరితో ఏం మాట్లాడానో ఒక్కొక్కటే వెనక్కి వెళ్లి చూసుకున్నాను. మీ ఊరి పేరు కూడా నా నోట ఎక్కడా రాలేదు. మరి బాబాయికి ఎలా తెలిసింది? తల గోడకేసి కొట్టుకున్నా తేలలేదు. మళ్లీ నీ ఉత్తరమే తీశాను. ఈసారి నా మీద నువ్వు వేసిన నిందలు వదిలేసి, ఆ రోజు షాపులో ఏం జరిగిందో రాసిన భాగం ఒక్కటే చదివాను. అందులో ఒక మాటను నువ్వు చూసుకోకుండా దాటేశావు. అందుకే నువ్వు రాసింది మళ్లీ నీకే రాస్తున్నాను, విసుక్కోకు.

పిన్ని బాబాయి ఇంట్లోంచి బయటపడి రెండేళ్లు కావస్తోంది. ఆయన చెయ్యి చేసుకునే సంగతి మనకు తెలుసు, లోకానికి తెలియదు. లోకానికి తెలిసింది ఆయన నవ్వు ఒక్కటే. పిన్ని కోసం నువ్వు నాన్న పెట్టిన కళ్లద్దాల షాపు మూసేసి, ఎవరూ ఎరగని ఊళ్లో చిన్న షాపు అద్దెకు తీసుకుని మళ్లీ మొదలుపెట్టావు. షాపుకు కొంచెం దూరంలో లాండ్రీ పైన ఇల్లు. షాపు ముందు గదిలో నువ్వు కళ్లు పరీక్ష చేస్తావు, వెనక గదిలో పిన్ని లెన్సులు అరగదీస్తుంది. ఎవరికీ చెప్పలేదు. అలాంటిది ఆయన పొద్దున్నే మీ ఇంటి కింద నిలబడి, మీ వెనకే నడిచొచ్చి, తలుపు తోసి, అందరు గిరాకీల్లాగే కుర్చీలో కూర్చున్నాడు.

"చూపు తగ్గింది వదినా. ఒకసారి చూసిపెట్టు."

నువ్వేం చేయగలవు? షాపులో ఇంకో ముసలాయన కూడా ఉన్నాడు. పరీక్ష ఫ్రేము ఆయన ముక్కు మీద పెట్టావు. లెన్సు మార్చి, "ఇది బాగుందా, ఇందాకటిది బాగుందా" అని అడిగావు. ఆయన తాపీగా, "రెండూ ఒకేలా ఉన్నాయి వదినా. మీ ఇంట్లో అంతా ఒకేలా ఉంటుంది, ఎవరూ ఏమీ చెప్పరు" అన్నాడు. వెనక గదిలో పిన్ని మెషిన్ ఆపలేదు. అందులో లెన్సు లేదట, ఉత్త రాయే తిరుగుతోందట. చప్పుడు ఆగితే లోపల ఉన్నది మనిషని తెలుస్తుందని భయం.

లేస్తూ ఆయన అన్న మాట ఇది. "ఇంటికి పర్దాలు కొనుక్కోమని నాకు చెబుతున్నారు వదినా, నాకేమో ఇల్లే చూపించలేదు మీరు." ఆ తర్వాత అద్దాలకు ఆర్డరిచ్చి, మళ్లీ వచ్చి తీసుకుంటానని వెళ్లాడు.

ఆ పర్దాల మాటను నువ్వు ఎగతాళి అనుకున్నావు. ఎవరైనా అలాగే అనుకుంటారు. నేను మాత్రం అది చదివి మంచం మీంచి లేచి నిలబడ్డాను. ఎందుకో చెప్పాలంటే నీ మూడో ప్రశ్నకు జవాబు చెప్పాలి.

"అసలు నువ్వు చేసే ఉద్యోగం ఏమిటే? షాపుకొచ్చేవాళ్లు అడిగితే కంప్యూటరు పని అని చెప్పి ఊరుకుంటున్నాను" అని రాశావు. ఇన్నాళ్లూ నేను కూడా అలాగే చెప్పి ఊరుకున్నాను. మా కంపెనీ ఇళ్లు కడుతుంది. ఇటుకలతో కాదు, పేర్లతో. ఒక చోటి నుంచి ఓటర్ల జాబితా వస్తుంది. అందులో పేరు, వయసు, ఇంటి చిరునామా, పక్కన తండ్రి పేరో భర్త పేరో ఉంటాయి. ఇంకో చోటి నుంచి ఫోన్ నంబర్లు వస్తాయి. మరో చోటి నుంచి ఎవరు ఏం కొన్నారో వస్తుంది. వీటన్నిటినీ కలిపి, ఈయన భర్త, ఈవిడ భార్య, వీడు కొడుకు, ఈ ఇంట్లో ఒక బండి ఉంది, ఒక ముసలావిడ ఉంది అని కార్డు తయారు చేస్తాం. దాన్ని మా ఆఫీసులో "ఇల్లు కట్టడం" అంటారు. ఆ కార్డులు షాపులు కొంటాయి. అన్నిటికన్నా గిరాకీ ఉన్నది కొత్త చిరునామాలో ఓటు నమోదు చేయించుకున్నవాళ్ల కార్డులకు. ఇల్లు మారినవాళ్లకు అన్నీ కావాలి కదా. పొయ్యి, మంచం, కిటికీలకు పర్దాలు.

అర్థమైందా? ఒక పర్దాల షాపు మా దగ్గర కార్డులు కొంది. "కొత్త ఇంటికి శుభాకాంక్షలు" అని మొదలుపెట్టి, కింద ఆ ఇంటి చిరునామా వేసి, మీ కిటికీల కొలతలు మేమే వచ్చి తీసుకుంటాం అని మెసేజ్ పంపింది. ఆ మెసేజ్ పదాలు నాకు తెలుసు, మా టేబుల్ మీదుగానే వెళ్లింది. ఇంటి చిరునామా పిన్నిది. మెసేజ్ మోగింది బాబాయి ఫోన్లో.

మర్నాడు ఆఫీసులో పిన్ని కార్డు వెతికాను. తెలిసినవాళ్ల పేర్లు వెతకకూడదని మాకు రూలుంది. అందరూ వెతుకుతారు. నేనే ఇప్పటిదాకా వెతకలేదు, మన గుట్టు ఆ గదిలోకి రానివ్వకూడదని. వచ్చి ఎప్పటినుంచో కూర్చుని ఉంది. పిన్ని పేరు, వయసు, లాండ్రీ పైన అంతస్తు, భర్త పేరు, భర్త ఫోన్ నంబరు. ఇంటి పెద్ద: బాబాయి. దాని పక్కనే నీ కార్డు. ఇంటి పెద్ద: నాన్న. అమ్మా, మీరిద్దరు ఆడవాళ్లు ఉంటున్న ఆ పై అంతస్తులో మా కంపెనీ లెక్క ప్రకారం ఇద్దరు మగవాళ్లు కాపురముంటున్నారు. ఒకాయన చనిపోయాడు. రెండో ఆయనకు దొరకకూడదనే మీరు ఆ మెట్లెక్కారు.

నవ్వాలో ఏడవాలో తెలియక నేను పోయి మా సారు ముందు నిలబడ్డాను. ఆయన్ని వెనకాల మేం పంచదార అంటాం. తిట్టినా తీయగానే తిడతాడు.

"సార్, ఈ ఓటర్ల జాబితా మనకెక్కడిది?"

"కొన్నాం."

"ఎవరి దగ్గర?"

"అమ్మేవాళ్ల దగ్గర," అని నవ్వాడు. "అదేమన్నా రహస్యమా అమ్మా? ఎన్నికల ముందు బడి గోడకు అంటిస్తారు. దారినపోయేవాడెవడైనా చదవచ్చు. గోడ మీదున్నది మనం కంప్యూటర్లోకి ఎక్కించుకున్నాం, అంతే."

"గోడ మీద ఫోన్ నంబరుండదు కదా సార్."

"అది వేరే చోట కొన్నాం."

"పర్దాల షాపుకు ఎందుకిచ్చాం?"

"వాళ్లు మన దగ్గర కొన్నారు. ఏంటమ్మా, ఇవాళ వింతగా మాట్లాడుతున్నావు? ఎవరికైనా ఏమన్నా అయిందా?"

చెప్పాను. బాబాయి చెయ్యి సంగతి చెప్పలేదు, పిన్ని విడిగా ఉంటోందని మాత్రం చెప్పాను. ఆయన టీ కప్పు కింద పెట్టాడు. పాపం, మనిషి చెడ్డవాడు కాదు, అదే నా గొడవ. "ముందే చెప్పొద్దా" అంటూ కంప్యూటరు తన వైపు తిప్పుకుని, "ఇదిగో, నీ కళ్ల ముందే తీసేస్తున్నాను. మీ పిన్నిగారు ఇక మన దగ్గర లేరు. సంతోషమా?" అన్నాడు.

"సంతోషమే సార్" అని నా నోటి నుంచి వచ్చింది కూడా.

"మరి పర్దాల షాపు దగ్గరున్న కాపీ?"

"అది వాళ్లది కదమ్మా."

నా సీటుకు వచ్చి కూర్చున్నాక తెలిసింది, దేనికి సంతోషమన్నానో నాకే తెలియదని. నా పక్కన కూర్చునే ఆవిడ ఉంది కదా, ఎప్పుడూ బఠానీలు నములుతూ నా పని మీద ఒక కన్నేసి ఉంచుతుందని రాశానే, ఆవిడ అంతా విన్నది.

"మీ పిన్ని పేరు తీసేశారుగా. ఇంకా ఆ మొహమేంటి?"

"మిగతా పిన్నుల సంగతి?"

"అందరు పిన్నులకూ నువ్వే కూతురివా?"

నేను కంప్యూటరు వైపు తిరిగాను. కాసేపటికి ఆవిడే కుర్చీ దగ్గరకు జరుపుకుని, గొంతు తగ్గించి, "నాది ఉందేమో చూడు" అంది. ఉంది. పెళ్లయిన సంవత్సరాలు, ఇంట్లో ఇద్దరే అని, కింద ఒక ముద్ర: పిల్లల సామాన్లకు పనికిరాదు. ఆవిడ దాన్ని చాలాసేపు చూసింది. తర్వాత లేచి నీళ్లు తాగొచ్చింది. ఆ రోజు మళ్లీ బఠానీల పొట్లం తీయలేదు.

అమ్మా, ఇక్కడి నుంచి నాకు అన్నీ చిక్కుముళ్లే. నీకు రాస్తే కొంచెం విడతాయేమోనని రాస్తున్నాను.

తాతయ్య గుర్తున్నాడు కదా. ఎన్నికలు వస్తున్నాయంటే చాలు, చొక్కా గుండీలు పెట్టుకుని, నువ్వు చేసిచ్చిన లావు అద్దాలు తగిలించుకుని, బడి గోడ దగ్గరికి వెళ్లి జాబితా మొత్తం చదివేవాడు. నన్నూ తీసుకెళ్లేవాడు, కింది వరసలు చదవడానికి, ఆయన నడుం వంగదు కాబట్టి. ఒకసారి చనిపోయిన తన అన్నయ్య పేరు కనిపించింది. ఆఫీసుకు వెళ్లి గుమాస్తాతో గొడవపడి కొట్టేయించాడు. "చచ్చినవాడు ఓటేస్తే బతికున్నవాడు చచ్చినట్టే" అన్నాడు. గుమాస్తా, "ఏడిపించకండి పెద్దాయనా, చనిపోయిన మా అన్న కూడా అందులోనే ఉన్నాడేమో" అన్నాడు. మరి ఆ జాబితా గోడ మీద లేకపోతే, తాళం వేసి దాచేస్తే, దొంగ పేర్లు ఎవరు పట్టుకుంటారు? దాచాలని నేను ఎలా అడగను? పంచదార చెప్పింది తప్పా?

రెండు రోజులు అలా తిరిగాక నాకు తోచింది ఇది. గోడ దగ్గరికి వెళ్లాలంటే నడవాలి. మెడ ఎత్తాలి. పక్కనున్నవాడు "ఏం వెతుకుతున్నావయ్యా" అని అడుగుతాడు. బాబాయి ఊరూరా బడి గోడలు చదువుకుంటూ పోతే పిన్ని పేరు దొరికేసరికి ఆయనకు నిజంగానే చూపు పోయేది. ఆయన ఎక్కడికీ వెళ్లలేదు. కూర్చున్న చోట కూర్చున్నాడు. గోడే నడుచుకుంటూ వచ్చి ఆయన జేబులో దూరింది. ఇది సరైన మాటేనా? నాకు నమ్మకంగా తెలియదు. నువ్వైతే పెదవి విరిచి, "చదువుకున్నదానివి, ఎటైనా తిప్పుతావు" అంటావు.

ఇక నేరం ఎవరిదో కూడా తేలడం లేదు. ఓటు లేకపోతే మనిషి ఉన్నా లేనట్టేనని పిన్ని వెంటపడి నమోదు చేయించింది నువ్వు. ఆ కాగితంలో సంబంధం గడి దగ్గర తండ్రి పేరు రాయచ్చు, భర్త పేరు రాయచ్చు. పెళ్లయినదానికి భర్త పేరే పద్ధతి అని బాబాయి పేరు రాసింది కూడా నువ్వే. నిన్ను అనడం లేదు. తాతయ్య పేరు రాసి ఉంటే అని ఒక్క క్షణం అనిపించింది, అంతే. అనిపించినందుకు సిగ్గేసింది, ఎందుకంటే చెప్పాల్సిన మాట నా దగ్గర ఇంకొకటి ఉంది, దాన్ని వెనక్కి నెడుతూ ఇంత దూరం వచ్చాను.

పిన్నికి సొంత ఫోన్ లేదు. వచ్చేసిన రోజే పారేసింది. మరి ఆమె కార్డులోకి బాబాయి నంబరు ఎలా వచ్చింది? దానికొక రూలు ఉంది. ఆడవాళ్ల పేరు మీద నంబరు దొరక్కపోతే, జాబితాలో ఆమె పక్కన ఏ మగవాడి పేరుందో అతని నంబరు తగిలించాలి అని. ఆ రూలు రాసింది నేను.

పోయిన ఏడాది మీటింగులో సగం మంది ఆడవాళ్ల దగ్గర నంబరు గడి ఖాళీగా ఉందని అందరూ తలలు పట్టుకున్నారు. నేను చెయ్యెత్తాను. "మా అమ్మ ఫోను ఇప్పటికీ మా నాన్న పేరు మీదే ఉంది. ఆయన లేకపోయినా ఎత్తేది అమ్మే. ఇళ్లల్లో అంతే జరుగుతుంది" అన్నాను. పంచదార చప్పట్లు కొట్టాడు. పని చేస్తుందో లేదో చూడటానికి మన ఇంటినే తీసుకున్నాను. అప్పటికి మీరింకా పాత ఊరి జాబితాలోనే ఉన్నారు. నీ పేరు, పక్కన నాన్న పేరు, నాన్న నంబరు. ఏదో షాపు మెసేజ్ ఒకటి పంపించి, నీకు ఫోన్ చేసి, "ఏమన్నా వచ్చిందా" అని అడిగాను. "ఏదో దుప్పట్ల గోల వచ్చిందే" అన్నావు. మా గదిలో అందరూ నవ్వారు. రూలు పాసయింది. నీ దగ్గర సరిగ్గా మోగింది కాబట్టి, లోకంలో అందరి దగ్గరా మోగుతుందనుకున్నాను. భర్త పేరు పక్కనే ఉందంటే మనిషి కూడా పక్కనే ఉన్నాడనుకున్నాను, పిన్ని మన ఇంట్లో గోడ వైపు తిరిగి పడుకోవడం చూసి కూడా. నా చదువు, నా చురుకు అన్నీ కలిపి ఆ ఒక్క ఆలోచన చేసి పెట్టాయి. ఆయన వచ్చి వెళ్లాక ఫోన్ డ్రాయర్లో పెట్టి తాళం వేశానన్నావు కదా. తీసి చూడు, పర్దాల మెసేజ్ నీకూ వచ్చి ఉంటుంది.

కాబట్టి నీ అనుమానం సగం నిజం. నేనే చెప్పాను. నోటితో కాదు. అసలు చెబుతున్నానని తెలియకుండా, తెలియనివాళ్లందరికీ ఒకేసారి చెప్పాను. దీన్ని ఏమంటారో నాకు తెలియదు. తప్పు అంటే చాలడం లేదు, పొరపాటు అంటే ఎక్కువ తేలికవుతోంది.

నాన్న పేరు మీదున్న నంబరు మార్పించమని నేను చెప్పను. మారిస్తే ఆయన పేరు ఇంకెక్కడా మోగదని నువ్వు ఒకసారి పైకి అనకుండా అన్నావు. నాకు వినపడింది.

నీ నాలుగో ప్రశ్న, పిన్ని పేరు జాబితాలోంచి కొట్టేయించనా అని. నువ్వు ఉత్తరం మడిచి కవర్లో పెట్టే ముందు పిన్ని అడుగున రెండు వరసలు ఇరికించింది, నువ్వు చూశావో లేదో. ఆ చీమల రాత నాకు తెలుసు. "అక్క భయపడుతోంది, నేను కాదు. ఆయన లెన్సులు నేనే అరగదీశాను, పవరు తేడా లేకుండా. వచ్చి తీసుకోమను. నా పేరు మాత్రం తీయించనివ్వకు. నేను ఎక్కడున్నానో నేను రాయించుకున్న చోటు అదొక్కటే."

అది చదివాక నాకు ఇంకా అయోమయం. పేరు ఉంచితే ఆయనకు దారి. తీస్తే ఆయన గెలిచినట్టు. కాగితంలో భర్త పేరు తీయించి తాతయ్య పేరు రాయించుకోవచ్చు, అది మాత్రం పిన్నికి చెప్పు. మిగతాది నువ్వూ నేనూ తేల్చేది కాదు, ఆమె తేల్చుకుంటుంది. నువ్వు గడప దగ్గర నిలబడి, "వద్దే, నా మాట విను" అనకు. అనకుండా ఉండలేవు, తెలుసు. అయినా రాస్తున్నాను. కింద లాండ్రీ ఆయనకు చెప్పి ఉంచానన్నావు, మంచి పని. పోలీసు స్టేషన్లో కూడా రాసివ్వండి. ఇద్దరే వెళ్లకండి, లాండ్రీ ఆయన భార్యను తీసుకెళ్లండి. ఆవిడ నోరు గట్టిదని నువ్వే చెప్పావు. బాబాయి అద్దాలకు వచ్చే రోజు ఆవిడను షాపులోనే కూర్చోబెట్టండి.

నేను ఎన్నికల ఆఫీసుకు ఫోన్ చేశాను. జాబితాను ఎన్నికల పనికి కాకుండా పర్దాలు అమ్మడానికి వాడితే ఫిర్యాదు చేయచ్చా అని అడిగాను. అవతల ఉన్నాయన మర్యాదగానే మాట్లాడాడు.

"చేయచ్చు. నష్టపోయినవాళ్ల పేరు, ఇప్పుడున్న చిరునామా, ఏం జరిగిందో వివరంగా రాయాలి."

"ఆ చిరునామా ఎవరికీ తెలియకూడదనే కదండీ ఫిర్యాదు."

"అదీ నిజమే. కానీ చిరునామా లేకుండా కాగితం తీసుకోం."

"ఆ కాగితం ఎవరెవరు చూస్తారు?"

"అది చెప్పలేం మేడం."

చూశావా, దాచమని అడగాలంటే ముందు చెప్పాలట. పిన్ని పేరు ఇంకో కాగితం మీదకు ఎక్కించడం నా వల్ల కాదు. ఆ మాట అనుకున్నాక ఊరికే ఉందామనిపించింది. సారు పిన్ని పేరు తీసేశాడు కదా, ఇంకేం కావాలి అనిపించింది. ఒక పూట పని కూడా చేశాను. ఎవరో ఒకావిడ కార్డు వచ్చింది. కొత్త చిరునామా, పక్కన భర్త పేరు, నంబరు గడి ఖాళీ. రూలు దానంతటదే ఆ గడి నింపేసింది. ఆవిడ భర్తతో హాయిగానే ఉందేమో. ఉండకపోవచ్చేమో. నాకెలా తెలుస్తుంది? ఆ నంబరును అలాగే చూస్తూ కూర్చున్నాను. తర్వాత నా కార్డు తెరిచాను.

అందులో నేను నాన్న కూతుర్ని. ఇంటి పెద్ద నాన్న. ఆయన నంబరు ఇంకా నడుస్తోంది కాబట్టి మనిషీ నడుస్తున్నట్టే. నాన్న వయసు చూసి కింద వేసిన ముద్ర, చదువుకోవడానికి కళ్లజోడు కొనే అవకాశం ఎక్కువ అని. జీవితమంతా ఊరందరికీ అద్దాలు అమ్మిన మనిషికి ఇప్పుడు అద్దాలు అమ్మాలని చూస్తున్నారు. ఆ కార్డు కాగితం మీద అచ్చు తీసుకున్నాను. అది నాది. నా పేరు, నా చిరునామా. ఎవరినీ అడగక్కర్లేదు.

నీ ఇంకో మాట కూడా మర్చిపోలేదు. "నీ కాలికి చక్రాలున్నాయి. మూడు చోట్ల మానేశావు. ఇదైనా నిలబెట్టుకో, నీకు నిలకడ లేదని చెప్పుకోలేక చస్తున్నాను" అని రాశావు. మొదటి మూడూ నేను విసుగు పుట్టి మానేశాను. నాకు నిలకడ లేదని నువ్వు అన్నప్పుడల్లా అవునేమోనని నమ్మాను. ఇక్కడ విసుగు పుట్టలేదు అమ్మా. ఈ పని నాకు బాగా వచ్చు. ఇక్కడ నన్ను ఇళ్లు కట్టే పిల్ల అంటారు, ఆ పిలుపు నాకు ఇష్టం కూడా. అందుకే తేల్చుకోవడానికి ఇన్ని రోజులు పట్టింది.

పక్క సీటు ఆవిడ ఇవాళ అడిగింది, "ఫిర్యాదుకు వెళ్తే ఉద్యోగం పోతుంది, తెలుసా" అని. తెలుసన్నాను. "పోయినా పర్దాల షాపు దగ్గరున్నది పోదు, అదీ తెలుసా" అంది. అదీ తెలుసన్నాను. "మరెందుకే?" అంది. నా కార్డు కాగితం మడిచి సంచిలో పెట్టుకున్నాను. ఆవిడ తన కార్డు కాగితం కూడా మడిచి నా సంచిలో పెట్టింది.

ఈ ఉత్తరం నువ్వు చెప్పినట్టే షాపు చిరునామాకు పంపుతున్నాను. ఇది నీ చేతికి అందేసరికి నువ్వు వద్దనడానికి వీలుండదు.

సోమవారం ఎన్నికల ఆఫీసుకు వెళ్తున్నాను. నష్టపోయినవాళ్లు అన్న చోట నా పేరు రాస్తాను. కారకులు అన్న చోట కంపెనీ పేరు రాసి, దాని కింద మళ్లీ నా పేరే రాస్తాను.

ఇట్లు,
నీ కూతురు